కొండ మీద ఉన్న మనిషికి చెప్పని మాట

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగడం అయ్యాక వాళ్ళడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, మీ సర్వీసులో మీకు బాగా పేరొచ్చిన కేసు ఏదైనా చెప్పండి" అని. పేరొచ్చిన కేసులు ఎవరైనా చెబుతారు. చెప్పేకొద్దీ అవి పెరుగుతాయి కూడా. నాకు మెమో వచ్చిన కేసు ఒకటుంది. అది పెరగదు, తరగదు. రిటైరై మూడేళ్ళయినా అట్లాగే ఉంది. అదే చెబుతాను.

నా చివరి పోస్టింగు ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే జట్టులో. తిరుపతికీ శ్రీకాళహస్తికీ మధ్యనున్న ఒక చిన్న ప్రభుత్వాసుపత్రి మాది. మంచం దిగలేనివాళ్ళు ఆసుపత్రికి రాలేరు కాబట్టి ఆసుపత్రే వాళ్ళ ఇంటికి పోవాలని సర్కారు ఈ జట్లు పెట్టింది. పక్షవాతం వచ్చినవాళ్ళు, క్యాన్సరు ముదిరినవాళ్ళు, వెన్నెముక విరిగినవాళ్ళు మా రోగులు. పుండ్లు కడగడం, మూత్రం పైపు మార్చడం, నొప్పి మాత్రలు ఇవ్వడం, మనిషిని నొప్పి పుట్టకుండా ఎట్లా పక్కకు తిప్పాలో ఇంట్లోవాళ్ళకు నేర్పడం మా పని. కాగితం మీద మా జట్టులో ఇద్దరు నర్సులు, ఒక ఫిజియోథెరపిస్టు, ఒక డ్రైవరు, ఒక బండి. నేల మీద నేనూ, డ్రైవరూ, బండీ. రెండో నర్సు బదిలీ మీద వెళ్ళి ఏడాదిన్నర దాటింది. ఫిజియో అబ్బాయిని మూడు ఆసుపత్రులు పంచుకునేవి. మా వంతుకు బుధవారం వచ్చేది. బుధవారం పండగొస్తే అదీ పోయేది.

మా లిస్టులో నలభై పైచిలుకు ఇళ్ళుండేవి. నేను చిన్నప్పటి నుంచీ దిగులు మనిషిని. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి తిరిగే రకం. అట్లాంటి దానికి నలభై ఇళ్ళ బాధ్యత ఒక్కదానికే అప్పగిస్తే ఎట్లా ఉంటుందో మీరే అనుకోండి. అన్నం కలుపుతుంటే ఫలానా ముసలమ్మ వీపు పుండు గుర్తొచ్చేది. తల దువ్వుకుంటుంటే ఫలానా ఆయన నొప్పి మాత్రలు ఎన్ని మిగిలాయో లెక్క వేసేదాన్ని. రెండో నర్సును ఇవ్వమని ప్రతి నెలా పైకి ఉత్తరం రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. పైవాళ్ళను బాగా తిట్టుకున్నాను. తిట్టడంలో నాది పెద్ద నోరని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

జవాబు ఎందుకు రాలేదో మా డ్రైవరుకు నాకంటే ముందే తెలుసు. ఆయన యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఒకరోజు బండి తోలుతూనే అన్నాడు.

"సిస్టరూ, ఒక మాట సెప్తా, కోప్పడద్దు. కడుపు నిండినట్టు తేన్చి, మళ్ళా అన్నం పెట్టమంటే ఎవురు పెడతారు?"

"ఏమబ్బా, ఏం మాట్లాడతా ఉండావు?"

"నీ ఫోన్లో అంతా పచ్చగా ఉండాది గదా. అదే సెప్తా ఉండా."

నాకు కోపం వచ్చింది. నువ్వు రోడ్డు చూసి తోలు అన్నాను. కోపం వచ్చిందంటే అందులో నిజం ఉందని అర్థం.

ఆ పచ్చదనం సంగతి ఇది. ఒక ఇంటికి వెళ్ళినప్పుడు రోగిని ఫోటో తీసి ఫోన్లోని యాప్‌లో ఎక్కించాలి. ఆ ఇంటి దగ్గరే నిలబడి తీస్తేనే అది ఒప్పుకుంటుంది. ఫోటో అడుగున తేదీ, టైము పడతాయి. ఎక్కితే పచ్చ టిక్కు, ఎక్కకపోతే ఎర్ర గడి. మా పక్క జట్టుకు ఎర్ర గడులు ఎక్కువయ్యాయని వాళ్ళ బండిని వేరే పనికి తీసేసుకున్నారు. బండి పోతే మాలాంటి జట్టుకు కాళ్ళు పోయినట్టే. ఆ వార్త విన్న దగ్గర్నుంచి రోజూ పడుకునే ముందు యాప్ తెరిచి ఎర్ర గడి ఉందేమోనని వెతుక్కునేదాన్ని.

ఒక వానరోజు, దూరపు ఊళ్ళో ఒక ఇంటికి పోలేకపోయాను. ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోను చేసి, నా పాస్‌వర్డు చెప్పి, "నువ్వు పోయి ఒక ఫోటో తీసి ఎక్కించు, రేపు నేను వస్తా" అన్నాను. మర్నాడు నిజంగానే వెళ్ళాను. తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో ఆశా కార్యకర్త. ఆ మర్నాడు కాస్తా మూడో నాడైంది. కొన్నాళ్ళకు నా పాస్‌వర్డు నలుగురికి తెలుసు. వెళ్ళలేని ఇళ్ళకు నేనే రోజూ ఫోను చేసి కనుక్కుంటున్నాను కదా, అదీ చూడటమే కదా అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం ఎవరి కోసం ఆడుతున్నాను, రోగుల కోసమే కదా అనుకున్నాను. మంచి కోసం ఆడే అబద్ధంతోనే ఎక్కువ ప్రమాదం. దానికి సిగ్గుండదు.

మా లిస్టులో ఒక పెయింటరు ఉండేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి. తిరుపతిలో లాడ్జీలకు రంగులు కొట్టేవాడు. మూడో అంతస్తు పరంజా మీద నుంచి పడి వెన్ను విరిగింది. నడుము కింద తెలివి లేదు, గుచ్చినా కాలినా తెలియదు. మూత్రానికి పైపు, మంచం పక్కన వేలాడే బ్యాగు. స్వర్ణముఖి గట్టున కాలనీలో ఒక గది ఇల్లు. పడకముందు ఆ ఇంటికి తనే బయట నీలం రంగు ఒక పూత వేశాడు. రెండో పూత వేసే లోపల పడిపోయాడు. మంచం మీద పడుకునే, వచ్చినవాళ్ళందరికీ రంగుల గురించి వంకలు పెట్టేవాడు.

"అక్కా, మీ ఆసుపత్రి గోడకు పచ్చ రంగు కొట్టినోడు ఎవురు? పుట్టీ పెట్టి నున్నగా చెయ్యకుండా కొట్టేసినాడు. ఫోటోలో సూసినా, పొక్కులే" అనేవాడు నన్ను.

నన్ను అక్కా అనేవాడు కాబట్టి ఆయన భార్య నన్ను వదినా అనేది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పని చేసేది. మొగుడు పడ్డాక అదీ మానుకుని ఇంటి పట్టునే ఉంది. నెమ్మదస్తురాలు, మాట బయటికి రాదు. ఆయన నోరే ఇద్దరికీ సరిపోయేది. నేను ఫోను చేస్తే ఆమె హలో అనేలోపలే వెనక నుంచి "ఎవురే ఆ ఫోను?" అని కేక వినిపించేది. ఆయనకు వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, నేను పోవాలి. పిరుదు మీద పుండు ఒకటి మానీ మానకుండా ఉండేది.

మా వైపు ఉద్యోగం చేసినవాళ్ళకు తెలుసు, ఏటా బ్రహ్మోత్సవాలొస్తే ఆసుపత్రుల నుంచి నర్సులకు కొండ మీద డ్యూటీ పడుతుంది. దానికి ఎవరూ వద్దనరు. స్వామి సేవకు పోనని ఏ నోటితో అంటారు? ఆ ఏడు నాకు ఎనిమిది రోజులు పడింది. మా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళాను. మంచివాడే. ఎవరికీ ఎదురు చెప్పకుండా రిటైరవ్వాలన్నది ఆయన జీవితాశయం.

"సార్, నేను పోతే నా ఇళ్ళు ఎవరు చూస్తారు? నేనొక్కదాన్నే ఉండేది" అన్నాను.

"ఒక్కదానివే ఉండి కూడా ఒక్క ఎర్ర గడి లేదు కదమ్మా. నువ్వు ఎట్లోకట్ల చూసుకుంటావు. నాకు నీమీద ఆ నమ్మకం ఉండాది" అన్నాడు.

ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టాను. పైగా మా బండిని కూడా కొండకే వేశారు, తిరుపతి నుంచి శిబిరాలకు మందులు మోయడానికి. అట్లా ఒక బుధవారం నాడు నేనూ, డ్రైవరూ, బండీ, మొత్తం జట్టంతా ఘాట్ రోడ్డు ఎక్కాం.

మాడ వీధుల పక్కన ఒక ప్రథమ చికిత్స శిబిరంలో నా పని. స్పృహ తప్పినవాళ్ళు, కాళ్ళు బొబ్బలెక్కినవాళ్ళు, ఉపవాసంతో షుగరు పడిపోయినవాళ్ళు. చేతులు అక్కడ పని చేసేవి, బుర్ర నలభై ఇళ్ళలో తిరిగేది. పగలు టీ దొరికినప్పుడల్లా లిస్టు తీసి ఒక్కొక్క ఇంటికే ఫోను చేసేదాన్ని. విచిత్రం, ఆ వారం అందరూ బాగానే ఉన్నారు. నొప్పి తగ్గని క్యాన్సరు పెద్దాయనకు నొప్పి లేదట. ఎప్పుడూ ఏడ్చే ముసలమ్మ ఏడవలేదట. "మాకేం పర్వాలేదమ్మా, నువ్వు స్వామి పని సూసుకో. మా పేరు సెప్పి ఒక దండం పెట్టు" అంటారు అందరూ. నా అదృష్టం ఇంత బాగుందా అనుకున్నాను. దిగులు మనిషికి శుభవార్తలు వరుసగా వస్తే అనుమానం రావాలి. నాకు రాలేదు.

గురువారం పెయింటరింటి నుంచి పచ్చ టిక్కు వచ్చింది. సోమవారం మధ్యాహ్నమూ వచ్చింది. టిక్కు చూసి నెమ్మదించాను. ఆ సాయంత్రం నాలుగింటికి ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తింది.

"ఎట్లుండాడమ్మా?"

"బాగుండాడు వదినా. నిద్రపోతా ఉండాడు."

సరే అని పెట్టేశాను. పెట్టేశాక ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటో తెలియలేదు. ఎవరిదో రక్తపోటు చూస్తూ కూడా అదే ఆలోచన. మర్నాడు పొద్దున మళ్ళీ చేశాను.

"బాగుండాడు వదినా. పడుకోనుండాడు. ఈ పొద్దు గరుడసేవ గదా, నీకు పని జాస్తి. మాకేం పర్వాలా."

అప్పుడు తెలిసింది తక్కువైనదేదో. ఎవురే ఆ ఫోను అనే కేక రాలేదు. ఆ మనిషి మంచాన పడిన నాటి నుంచి నేను చేసిన ఏ ఫోనుకూ ఆ కేక రాకుండా లేదు. వరుసగా రెండుసార్లు లేదు.

"ఆయనకు ఫోనియ్యి" అన్నాను.

"నిద్రలో ఉండాడు వదినా" అంది చిన్నగా.

ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేశాను. ఆమె వాళ్ళమ్మ గారి ఊళ్ళో ఉంది. "నిన్న ఫోటో తీసినాను గదక్కా, కళ్ళు మూసుకోనుండాడు. నిద్ర అనుకున్యా. నాకేం తెలుస్తాది?" అంది. ఆమెకెట్లా తెలుస్తుంది? ఆమెకు తెలియదనే కదా సర్కారు నాకు జీతమిచ్చేది.

శిబిరం డాక్టరును అడిగాను. చిన్నవాడు, రెండు రోజులుగా కంటి నిండా నిద్ర లేనివాడు. "ఈరోజా సిస్టర్? గరుడసేవ నాడా? రేపు వెళ్ళండి" అన్నాడు. తప్పు పట్టలేను, బయట ఇసుక వేస్తే రాలని జనం. నా పక్కన చిత్తూరు ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక నర్సు కట్లు కడుతూ ఉంది. అంతా విన్నది.

"పో అక్కా. అడిగితే బాత్రూముకు పోయిందంటా" అంది.

"నాలుగైదు గంటలు పడుతుందే."

"కడుపు బాగలేదంటాలే. ఈడ ఎవురు లెక్క పెడతా ఉండారు?"

మా డ్రైవరు అప్పుడే ఖాళీ డబ్బాలు బండిలో పెడుతున్నాడు, కిందికి మందులకు పోవాలి. విషయం చెప్పాను. ఆయన డబ్బాలు లోపలికి తోసేశాడు. ముందు తలుపు తీసి, "ఎక్కు" అన్నాడు. ఘాట్ రోడ్డు దిగాం. కింద అలిపిరి దగ్గర ఎదురుగా బస్సుల నిండా జనం గోవిందా గోవిందా అంటూ కొండకు వస్తున్నారు. మేం ఇద్దరమే కిందికి పోతున్నట్టుంది. తిరుపతిలో మందుల స్టోరు దాటి, ఆగకుండా శ్రీకాళహస్తి రోడ్డు పట్టాడు.

"నీకూ మెమో వస్తుందబ్బా" అన్నాను.

"ఈ బండి ఎవురికిచ్చినారు సిస్టరూ? ఆ పెయింటరుకే గదా. ఆయన బండిని ఆయన ఇంటికి తోలుకోని పోతా ఉండా" అన్నాడు.

గది గడప దగ్గరే వాసన తెలిసింది. మనిషి ఒళ్ళు పెనంలాగా కాలుతోంది. కళ్ళు సగం తెరిచి, "నిచ్చెన పట్టుకోండిరా, నిచ్చెన" అంటున్నాడు. పక్క తడి. బ్యాగు ఖాళీ. పైపు మూసుకుపోయి, మూత్రం పక్క నుంచి కారుతోంది. పొత్తికడుపు బిగుసుకుని గట్టిగా ఉంది. మామూలు మనిషైతే నొప్పికి కేకలు పెట్టి ఊరును లేపేవాడు. ఈయనకు నడుము కింద తెలివి లేదు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.

"ఆదివారం సాయంత్రం నించి బ్యాగులో పడ్లా వదినా. గుడ్డలు తడస్తా ఉండాయి గదా, పోతానే ఉండాదిలే అనుకున్యా. నిన్న చలి పెట్టింది."

"మరి రోజూ ఫోను చేస్తి కదా. ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?" గట్టిగానే అరిచాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో తడి గుడ్డ అట్లాగే ఉంది.

"కొండ మీదుండావు గదా వదినా. స్వామి వాహనం ముందర నిలబడి ఉండే మనిషికి ఉచ్చగుడ్డల మాట ఎట్ట సెప్పేది? సావు బతుకుల మాట ఆడికి పంపించకూడదని మా అత్త అంటా ఉండె. నువ్వు దిగినాక సెప్దామని ఒక్కో దినం లెక్క పెట్టుకుంటా ఉండా."

మా వైపు అంతే. కొండకు బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవరు. కొండ మీద ఉన్న మనిషికి చెడ్డ మాట చేరనివ్వరు. ఇంట్లో ఎవరైనా పోయినా, దిగి వచ్చేదాకా దాస్తారు. నేను ఈ గడ్డ మీదే పుట్టాను. మా నాయన పోయినప్పుడు కొండ మీదున్న మా పెదనాయనకు మేం చెప్పామా? అది తెలిసీ, కొండ మీద నుంచి నలభై ఇళ్ళకు ఫోను చేసి, అందరూ బాగున్నారని నమ్మాను.

బండిలో ఎప్పుడూ ఉండే పెట్టె తెచ్చి పైపు మార్చాను. వచ్చింది మూత్రం అనడానికి లేదు, గంజి లాంటి చీము. కొంచెం కొంచెంగా వదిలాను. ముగ్గురం కలిసి ఆయన్ను దుప్పట్లో ఎత్తి బండిలో పడుకోబెట్టి తిరుపతి పెద్దాసుపత్రికి తెచ్చాం. విషం రక్తంలోకి ఎక్కిందన్నాడు అక్కడి డాక్టరు. రెండు మూడు రోజులు గడిస్తే కానీ ఏమీ చెప్పలేనన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "బతుకుతాడా వదినా?" అంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ ప్రశ్నకు వంద రకాలుగా జవాబు చెప్పిన దాన్ని. ఆ రోజు ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, డాక్టరు చీటీ తీసుకుని మందుల కౌంటరుకు పోయాను.

మందులెక్కించుకుని మేం తిరిగి కొండెక్కేసరికి సాయంత్రమైంది. శిబిరం డాక్టరు నా బట్టల మీది మరకలు చూసి చేతికి సబ్బు ఇచ్చాడు. గరుడ వాహనం కదిలింది. జనమంతా చేతులెత్తారు. తలనీలాలు ఇస్తామని, నిలువు దోపిడీ ఇస్తామని మొక్కుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ పూట నేనూ ఒకటి మొక్కాను. స్వామీ, వాణ్ణి బతికించు, నా పచ్చ టిక్కులన్నీ ఇచ్చేస్తాను అని. ఆ సమయంలో అది చాలా తేలికగా అనిపించింది.

కొండ దిగిన మర్నాడే తిరుపతిలో సమీక్ష. పెయింటరుకు ఇంకా జ్వరం దిగలేదు, మనిషిని గుర్తు పట్టడం లేదు. మా సూపరింటెండెంటుకు అప్పటికే అంతా చెప్పి ఉన్నాను, హాలు బయట ఆయన నన్ను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, జరిగిందేదో జరిగింది. ఆ మనిషి ఆసుపత్రిలో చేరినాడు, వైద్యం జరుగుతా ఉండాది. రికార్డంతా సక్రమంగా ఉండాది. నువ్వు నోరు తెరిస్తే నీకూ కష్టం, ఆశా పిల్లకూ కష్టం. రిటైరు కాబోయే ముందర ఇవన్నీ ఎందుకు?"

తల ఊపాను. అబద్ధం ఎందుకు, ఆ మాటలు వింటుంటే నాకు హాయిగా అనిపించింది. మొక్కు సంగతి స్వామికీ నాకూ మధ్యన ఉండేది, తర్వాత ఇంకో రకంగా తీర్చుకోవచ్చు, గుండు కొట్టించుకున్నా సరిపోతుందిలే అని బేరం మొదలుపెట్టాను లోలోపల. నాకింక ఏడాదే సర్వీసు ఉంది. ఈ వయసులో సస్పెండయితే ఇరుగుపొరుగుకు ఏం చెప్పుకోవాలి అన్న భయం ఒకటి.

హాలులో గోడ మీద జట్ల పట్టికలు వేసి చూపించారు. అన్నిట్లో ఎర్ర మచ్చలు. మాది వచ్చేసరికి అడుగు నుంచి పైదాకా పచ్చటి పచ్చ. జిల్లా అధికారి మైకు దగ్గరికి జరిగాడు.

"ఇది చూడండి. ఒక్క నర్సు. మధ్యలో ఉత్సవాల డ్యూటీ. అయినా ఒక్క విజిట్ కూడా తప్పలేదు. మనసుంటే మార్గముంటుంది అనేదానికి ఇదే సాక్ష్యం. సిబ్బంది లేరు, సిబ్బంది లేరు అని ఉత్తరాలు రాసేవాళ్ళందరూ దీన్ని చూసి నేర్చుకోండి."

ఉత్తరాలు రాసిన దాన్ని నేనే. ఆయనకు అది గుర్తు లేదు.

"ఒక ఫోటో తెరవండి. ఏదో ఒకటి. ఆ, సోమవారంది" అన్నాడు.

తెరిచారు. గోడంత ఎత్తున పెయింటరు మొహం. కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్న వాడి మొహం అట్లా ఉండదని కొత్తగా చేరిన నర్సుకు కూడా తెలుస్తుంది. మంచం పక్కన బ్యాగు. ఖాళీ. చుక్క లేదు. ఫోటో అడుగున టైము పడి ఉంది, మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ వేళకు సగం పైన నిండి ఉండాల్సిన బ్యాగు. మంచం కోడు మీద ఆరేసిన తడి గుడ్డలు మూడు. నాకు ఎవరైనా ఫోను చేసి చెప్పాల్సిన పని లేదు. పెయింటరు భార్య నోటితో చెప్పనిదంతా ఆ ఫోటోలో ఉంది. సోమవారం మధ్యాహ్నమే అది నా చేతికి వచ్చింది. నేను టిక్కు చూశాను, ఫోటో చూడలేదు.

నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. చప్పట్లు కొట్టించుకోవడానికి లేచాననుకుని ఎవరో రెండు చప్పట్లు కొట్టారు కూడా.

"సార్, ఆ రోజు నేను ఆ ఇంటికి పోలేదు" అన్నాను. "నేను కొండ మీద ఉన్నాను. ఆ ఫోటో నేను తీయలేదు, తీయించాను. తీసిన అమ్మాయి తప్పేమీ లేదు, నేను చెప్పబట్టే తీసింది. ఆ బ్యాగు చూడండి సార్, ఖాళీగా ఉంది. ఆ మనిషి ఇప్పుడు ఇక్కడే పెద్దాసుపత్రిలో చావు బతుకుల్లో ఉన్నాడు. అది ఒక్కటే కాదు. ఈ ఏడాదిన్నరలో మా పచ్చలో చాలా భాగం అబద్ధం. ఏవేవి అబద్ధమో నేను గుర్తు పెట్టి ఇస్తాను."

మా సూపరింటెండెంటు కళ్ళు మూసుకున్నాడు. జిల్లా అధికారి మైకు పక్కకు జరిపాడు. "మీరు ఏం చెబుతున్నారో మీకు తెలుస్తోందా?" అన్నాడు. తెలుస్తోంది సార్ అన్నాను. కూర్చున్నాను.

రెండు రోజులు కూర్చుని, లిస్టులో నేను పోని రోజులన్నీ ఒక్కొక్కటే ఎర్రగా మార్చాను. అది చూసి నాకే భయమేసింది. ఇన్ని రోజులు ఇన్ని ఇళ్ళలో ఇంతమంది ఎదురు చూశారా అని. మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. పాస్‌వర్డు ఇచ్చినందుకు, డ్యూటీ వదిలి పోయినందుకు, రెండూ కలిపి ఒక ఇంక్రిమెంటు కోశారు. డ్రైవరుకు మందలింపుతో సరిపెట్టారు. ఆయన ఆ కాగితం మడిచి బండిలో దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు.

ఏడాదిన్నర ఉత్తరాలు రాసినా రాని రెండో నర్సు, ఆ ఎర్ర గడులు చూసిన రెండు నెలలకు వచ్చింది. ఉత్తరంలో మనుషులు లేరని రాసి, పట్టికలో పని మొత్తం అయిపోయిందని చూపిస్తే, చదివేవాడు దేన్ని నమ్ముతాడు? డ్రైవరు చెప్పిన తేన్పు మాట అదే. ఆ తర్వాత ఇంటి జట్టులో ఒక నర్సును కొండ డ్యూటీకి పంపకుండా ఉంచాలని ఆర్డరు కూడా వేశారు. నేను గొప్ప పని చేశానని అనుకోకండి. నేను మొదటి నెలలోనే ఆ గడులు ఎర్రగా ఉంచి ఉంటే ఆ కొత్త నర్సు ఏడాది ముందే వచ్చేదేమో. ఆ ఏడాదిలో మా లిస్టులోంచి పోయినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ సంగతి నేను ఎవరినీ అడగలేను.

పెయింటరు ఎనిమిదో రోజుకు కళ్ళు తెరిచాడు. నేను మంచం పక్కనే ఉన్నాను. చాలాసేపు నన్ను చూడలేదు, ఎదురుగా ఉన్న గోడ చూశాడు.

"అక్కా, ఈ గోడకు రెండో పూత ఎయ్యలేదు" అన్నాడు.

ఆయన భార్య వరండాలోకి పోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను ఆయన ముందే ఏడ్చాను. ఎందుకేడుస్తా ఉండావని ఆయనకు కోపం.

మరుసటి ఏడు ఉత్సవాలకు నాకు డ్యూటీ లేదు. రిటైరవడానికి నెల ముందు, సెలవు పెట్టి మామూలు మనిషిలాగా కొండకు వెళ్ళాను. దర్శనం చేసుకుని వచ్చి, డిపాజిట్ చేసిన ఫోను తీసుకుని గుడి ముందర మెట్ల మీద కూర్చున్నాను. లడ్డూ కవరు ఇంకా ఒళ్ళోనే ఉంది. ఫోను మోగింది. పెయింటరు భార్య. ఆమె తనంతట తను నాకెప్పుడూ ఫోను చేసి ఎరగదు.

"వదినా, కొండ మీదుండావని తెలుసు. తప్పుగా అనుకోవద్దు." ఒక్క గుక్కలో చెప్పేసింది. "పొద్దున్నించి బ్యాగు నిండలా. గుడ్డలు తడస్తా ఉండాయి."

నా జీవితంలో ఏ చెడ్డ వార్తా నాకంత సంతోషం ఇవ్వలేదు. భయపడకు, ఇప్పుడే పంపిస్తానని చెప్పాను. వెనక నుంచి కేక వినబడింది.

"ఎవురే ఆ ఫోను?"

మా కొత్త నర్సుకు ఫోను చేశాను. బండిలోనే ఉంది, ఆ దారిలోనే ఉంది. అరగంటలో పోయి పైపు మార్చింది. నేను లేచి, గుడి వైపు తిరిగి, చెప్పులు లేని కాళ్ళతో అక్కడే ఇంకోసారి దండం పెట్టుకున్నాను.